మాంసమును ఊరవేయుటలో చక్కెర పాలు

మాంసమును, చేపలను ఉప్పులో ఊరవేసి నిలువ చేయుట ఏ యొక్క దేశమువారి సొత్తును గాదు. మన తూర్పుతీరమున పల్లెవారి యిండ్ల ముంగిళ్లలో ఉప్పుచేప యెండుచుండుట చూడనివారు అరుదు. రాయలసీమలో వేటమాంసమును సన్నని పేళికలుగా కోసి, ఉప్పును, పసుపును, కారమును పట్టించి, దండెములపై నెండవేసిన ఉప్పుకండలు వానకాలమున కూరయగుట పెద్దలెఱుగుదురు. వీనిలో దేనియందును చక్కెర లేదు, బెల్లమును లేదు. ఐనను అవి నెలల తరబడి నిలుచుచున్నవి. శ్రోతలు ఈ చిన్న సంగతిని మనస్సున నుంచుకొనవలెనని కోరుచున్నాను. నేడు నేను చెప్పబోవు విషయములో చాల భాగము దీనిలోనే యిమిడియున్నది.

చలిదేశములలో ఈ పనికి చక్కెర తోడైనది. ఇంగ్లండులోను, అమెరికాలోను పంది పొట్టభాగమునకు ఉప్పును చక్కెరను పట్టించి బేకన్ చేయుదురు; తొడను అట్లే ఊరవేసి హామ్ అందురు. స్వీడనులోను, నార్వేలోను సాల్మన్ అను చేపను ఉడికింపకయే ఉప్పు, చక్కెర, సోయికూరలతో ఊరవేసి, పలుచని పొరలుగా కోసి, గ్రావ్‌లాక్స్ అను పేర భుజింతురు. ఇవి మనకు పూర్వము పుస్తకములలోని వార్తలు. ఇప్పుడట్లు గాదు. మన బిడ్డలు ఆ దేశములలో కాపురములు పెట్టి, అంగడి సరుకుకంటె ఇంట చేసినదే మేలని తామే ఊరవేసికొనుచున్నారు. అట్టివారిలో నా మేనల్లుడొకడు. అతనికి నలువది యేండ్లు నిండకమునుపే మధుమేహము కనబడినది. “మామయ్యా, బేకనులో చక్కెర మాని, దానికి బదులు వేఱొక తీపిపొడి వేయవచ్చునా? వేసినచో మాంసము చెడిపోవునా?” అని నాకు వ్రాసినాడు.

ఈ ప్రశ్న అతని యొక్కనిది గాదు. మన దేశమున 10 కోట్లకు మించి మధుమేహ రోగులున్నారని భారత వైద్య పరిశోధన మండలివారి పరిశీలన 2023లో తేల్చినది. చక్కెర యను మాట వినబడగనే యులికిపడువారు ఇంటింటను ఉన్నారు. కావున సమాధానమును కొంత విస్తరించి చెప్పుట మంచిదని తోచినది.

చక్కెర మాంసమును కాపాడుచున్నదా యనునది మొదట తేలవలెను. మాంసము చెడుటకు కారణము సూక్ష్మజీవులు. వానికి బ్రదుకుటకు నీరు కావలెను. ఉప్పు మాంసములోని నీటిలో కరగి, ఆ నీటిని వానికి అందకుండ బిగించి పట్టును. ఈ బిగింపు కరగిన రేణువుల సంఖ్యను బట్టి యుండును. ఉప్పు రేణువు తేలికయైనది. అదిగాక నీటిలో పడగనే రెండుగా విడిపోవును. చక్కెర రేణువు ఉప్పు రేణువునకు ఆఱు రెట్లు బరువు, అది విడిపోదు. కావున గ్రామునకు గ్రాము చొప్పున తూచిచూచినచో, ఈ పనిలో ఉప్పు చక్కెరకంటె సుమారు 12 రెట్లు బలముగలది. కిలో మాంసమునకు 25 గ్రాముల ఉప్పును, 10 గ్రాముల చక్కెరను వేసితిమనుకొందము. నీటిని పట్టియుంచు పనిలో చక్కెర చేయునది ఉప్పు చేయుదానిలో ముప్పదవ వంతు మాత్రమే. దానిని తీసివేసినను కోట కూలదు.

“మఱి మామిడితాండ్ర, ఉసిరి పాకము, ఇవన్నియు తీపిచేతనే గదా నిలుచుచున్నవి?” అని యెవరైన నడుగవచ్చును. నిజమే. వానిలో చక్కెరయో, బెల్లమో, పండులోని సహజమైన తీపియో చాల దట్టముగా నుండును. అంత మోతాదులో తీపియు కాపలాకాయును. మాంసములో నూటికొక పాలుగా వేసిన చక్కెరకు ఆ శక్తి లేదు.

అట్లయిన పాశ్చాత్యులు చక్కెరను ఏల వేయుచున్నారు? ముఖ్యముగా రుచికి. పూర్వము మంచుపెట్టెలు లేని కాలమున మాంసము ఋతువులు దాటి నిలువవలెనని ఉప్పు మిక్కిలిగా వేసెడివారు. ఆ కటువుదనమును తీపి కొంత అణచును. అదిగాక పెనముమీద వేసినపుడు మాంసము ఎఱ్ఱగా కమ్మగా వేగుటకు చక్కెర తోడ్పడును. తీపిపదార్థమును మాంసకృత్తును వేడిచే కలిసి రంగును సువాసనను పుట్టించుటను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ 1912లో వివరించినాడు. మన యింట ఉల్లిపాయ ఎఱ్ఱబడునపుడు లేచు పరిమళము కూడ చాలవఱకు ఆ చర్య ఫలమే.

నా మేనల్లునికి నేను మొదట వ్రాసినది ఈ లెక్కయే. కిలోకు 10 గ్రాముల చక్కెర వేసిన బేకనులో 100 గ్రాములకు గ్రాము చక్కెర యుండును. ఉదయము రెండు పలుచని ముక్కలు తిన్నవాని కడుపులోనికి పోవునది అర గ్రాము. కాఫీలో వేసికొను ఒక్క చెంచా చక్కెర 4 గ్రాములు తూగును. ఆ కాఫీలోని చెంచాను మానక, బేకనులోని అర గ్రామును గూర్చి బెంగపడుట ఏనుగులు పోవు సందు తెఱచియుంచి చీమల దారి మూయుట వంటిది.

ఐనను ఒకరికి తీపి రుచి కావలెను, చక్కెర మాత్రము వలదు. అట్టివారికి అంగడిలో దొరకు బదులు వస్తువులను గూర్చి చెప్పెదను. మొట్టమొదట వీనినుండి తేనెను, బెల్లమును, తాటిబెల్లమును వేఱుచేయవలెను. తేనె నూటికి 80 పాళ్లు చక్కెరలే. బెల్లము శుద్ధిచేయని చక్కెరయే. వీనికి రుచి యున్నది, వాసన యున్నది. కాని మధుమేహికి ఇవి బదులు కావు, మాఱువేషములు. “బెల్లము వైద్యమునకు మంచిది” యని వానికి బెల్లము పెట్టు ప్రేమమయులను నేను చాలమందిని చూచితిని.

సాకరిన్ అనునది వీనిలో పెద్దది. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ఫాల్‌బెర్గ్ అను రసాయనికుడు పనిచేసి, చేతులు కడుగక భోజనమునకు కూర్చుండి, రొట్టె తియ్యగా నుండుట గమనించెనట. ఆ తీపియే సాకరిన్. అది చక్కెరకు సుమారు 300 రెట్లు తీపి. నాలుక చివర చేదు మిగుల్చును. సుక్రలోజు 600 రెట్లు తీపి. స్టీవియా దక్షిణ అమెరికాలోని పరాగ్వే ప్రాంతపు ఆకునుండి వచ్చినది. దాని వెనుకరుచి మన అతిమధురమును తలపించును. ఈ మూటికి ఒక సామాన్య దోషమున్నది: పరిమాణము లేకుండుట. 10 గ్రాముల చక్కెర తీపికి సుక్రలోజు 17 మిల్లీగ్రాములు చాలును. వంటింటి త్రాసు దానిని తూచజాలదు. అందుచేత అంగడివారు దానిని పొట్లములలో గ్లూకోజుతోనో, పిండినుండి తీసిన మాల్టోడెక్స్‌ట్రిన్‌తోనో కలిపి అమ్ముచుందురు. చక్కెర లేదని వ్రాసిన పొట్లమును ఎడాపెడా గుమ్మరించువారు ఆ కలిపినదేదో వెనుకవైపు చదువుకొనవలెను. ఇక ఆస్పర్టేము కాకకు ఓర్వదు. దాని తీపి చాలవఱకు పెనముమీదనే ఆవిరియైనట్లు పోవును.

ఇంట ఊరవేయుటకు కొంత అనువైనది ఎరిథ్రిటాలు. ఇది పొడిగా, చక్కెరవలెనే చేతికి దొరకును. తీపి చక్కెరలో నూటికి 60, 70 పాళ్లు. రక్తములోని చక్కెరను పెంచదు. దీని రేణువు చక్కెర రేణువుకంటె చాల తేలికయగుటచే నీటిని పట్టుటలో గ్రామునకు గ్రాము చక్కెరను మించును. కాని చలిలో సరిగా కరగదు. పైన పలుకులై మిగులును. నాలుకమీద పిప్పరమెంటువలె చల్లదనము తోచును. పెనముమీద ఎఱ్ఱబడదు. అల్యులోజు అను మఱియొక చక్కెర బాగుగా ఎఱ్ఱబడును, సులభముగా కరగును. కాని అది అన్ని దేశముల అంగడులకును రాలేదు. జైలిటాలు చక్కెరతో సమానమైన తీపిగలది. ఇంట కుక్కను పెంచువారు దానిని వంటింటిలోనికి రానీయకుండుట మేలు. అది మనుష్యులకు హాని చేయకున్నను కుక్కలకు కొద్దిపాటిలోనే ప్రాణాంతకము. ఊరవేసిన మాంసపు తునకలు కుక్కకు పడకుండ నెవరాపగలరు?

ఈ సంగతులను నేను కేవలము చదివి చెప్పుట లేదు. నిరుడు చలికాలమున ఒకే పొట్టముక్కను మూడు తునకలుగా కోయించి, ఉప్పు అన్నిటికిని సమానముగా నుంచి, ఒకదానికి బెల్లము, ఒకదానికి ఎరిథ్రిటాలు వేసి, మూడవదానికి ఏ తీపియు వేయక ఊరవేసితిని. మూడును ఒక్కతీరుగ నిలిచినవి. బెల్లపు ముక్క చక్కగా ఎఱ్ఱబడినది గాని అంచులు మాడినవి. ఎరిథ్రిటాలు ముక్క తియ్యగా నుండి పాలిపోయినట్లు వేగినది. మా యింటివారందఱును బెల్లపుదానినే మెచ్చిరి. నాకు ఏ తీపియు లేనిదే నచ్చినది. దానిలో మాంసపు రుచి మాంసమునకే యుండెను.

చేయు విధము క్లుప్తముగా చెప్పెదను. మాంసమును తూచుడు, చెంచాలతో కొలువవలదు, ఏలయన ఉప్పు పలుకును బట్టి చెంచా బరువు మాఱును. కిలోకు 25 గ్రాముల ఉప్పు. తీపి కావలసినవారికి 10 నుండి 15 గ్రాముల ఎరిథ్రిటాలు. దీనికితోడు నైట్రైటు కలిసిన గులాబిరంగు ఉప్పు 2.5 గ్రాములు. వీనినన్నిటిని కలిపి పట్టించి, సంచిలో గట్టిగా మూసి, 4 డిగ్రీలకు మించని రిఫ్రిజిరేటరులో వారము నుండి పది దినములు, దినమునకొకసారి త్రిప్పుచు నుంచుడు. పిమ్మట కడిగి, తుడిచి, ఆరబెట్టి, పొగలోనో పొయ్యిపెట్టెలోనో లోపలి వేడి 65 డిగ్రీలు వచ్చువఱకు సన్నని సెగను కాచవలెను.

ఆ గులాబిరంగు ఉప్పును గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. బేకన్ ఊరవేయుటకు పూర్వులు సురేకారమును వాడిరి. సురేకారము మాంసములో మెల్లగా మాఱి నైట్రైటగును. పని చేయునది ఆ నైట్రైటే. నేడు దానిని నేరుగా నూటికి 6.25 పాళ్లు ఉప్పులో కలిపి అమ్ముదురు. తెల్లగా నున్నచో ఉప్పో చక్కెరయో యని భ్రమపడి వాడుదురను భయముచే గులాబిరంగు వేయుదురు; శుద్ధ నైట్రైటు కొద్ది గ్రాములైనను ప్రాణము తీయగలదు. దీనిని తీపిపొడితో గాని, మఱి దేనితో గాని మార్చరాదు. అంగడిలో ఉప్పు, చక్కెర, నైట్రైటు మూడును కలిపిన సిద్ధచూర్ణములును కలవు. అందులోనుండి చక్కెరను మాత్రము తీసివేయుట ఎవరివలనను గాదు. చక్కెర వలదనువారు అట్టి చూర్ణమును కొనక, దినుసులను విడివిడిగా తెచ్చుకొనవలెను. ఒకదానికి చెప్పిన తూకమును వేఱొకదానికి పెట్టుకొనరాదు.

నైట్రైటు ఎందులకింత ముఖ్యమో చరిత్ర చెప్పును. జర్మనీలోని వుర్టెంబర్గు సీమలో ప్రేవులలో కూరిన మాంసము తిని పలువురు చూపు మసకబారి, మ్రింగలేక, ఊపిరాడక చనిపోవుచుండగా, కెర్నర్ అను వైద్యుడు, అతడు కవియు గూడ, ఆ వ్యాధిని 1820, 1822 సంవత్సరములలో వెలువరించిన గ్రంథములలో వర్ణించినాడు. ప్రేవులలో కూరిన మాంసమునకు లాటినులో బోట్యులస్ అని పేరు. వ్యాధికి బోట్యులిజమను పేరు దానినుండియే వచ్చినది. 1895లో బెల్జియములోని ఎల్లెజెల్ అను గ్రామమున అంత్యక్రియకు వచ్చిన వాద్యకారులు ఉప్పువేసిన పచ్చి హామ్ తిని పడిపోయిరి, ముగ్గురు మరణించిరి. వాన్ ఎర్మెన్గెమ్ అను ఆచార్యుడు ఆ హామ్ తునకలోనే ఆ విషక్రిమిని పట్టుకొనెను. గాలి లేనిచోట పెరుగును, వాసన తెలియనీయదు, రుచి మార్చనీయదు. మన ఉప్పుకండలు పలుచని పేళికలై, ఎండలో గాలిలో త్వరగా ఎండిపోవుటచే ఈ శత్రువునకు తావు చిక్కదు. దళసరి ముక్కను మూసిన సంచిలో తడిగా నుంచు పద్ధతి వేఱు. కావున “మన పెద్దలు నైట్రైటు నెఱుగుదురా?” యను వాదము ఇచట చెల్లదు.

చేపలో సంగతి కొంత భిన్నము. గ్రావ్ అనగా గోతిలో పూడ్చుట. లాక్స్ అనగా సాల్మన్. పూర్వము జాలరులు కొద్దిగా ఉప్పు వేసి ఇసుకలో పూడ్చెడివారు. ఇప్పటివారు ఉప్పును చక్కెరను సమభాగములుగా కలిపి, ఆ కుప్పలో చేపను కప్పి, రెండు మూడు దినములు చల్లగా నుంతురు. ఇక్కడ చక్కెర రుచికి మాత్రమే గాక, ఉప్పును పలుచన చేయుటకును పనికివచ్చుచున్నది. చక్కెరను తీసివేసి ఆ కుప్పలో ఉప్పునే నింపినయెడల చేప నోట పెట్టరానంత ఉప్పనగును, పైభాగము తోలువలె గట్టిపడును. నాలుగు సాకరిన్ మాత్రలు నూఱి వేసినను అదే గతి, ఏలయన వానికి పరిమాణము లేదు. కుప్పలో కప్పువారు చక్కెర బరువునకు ఎరిథ్రిటాలు వేయవచ్చును. అంతకంటె సులభమైనది తూచి పట్టించుట: కిలో చేపకు 25 నుండి 30 గ్రాముల ఉప్పు, ఇష్టమైనచో 15 గ్రాముల తీపిపొడి, సోయికూర, మిరియాలు.

ఐతే ఈ చేప నిప్పు చూడదు. సముద్రపు చేపలలో సన్నని పురుగులుండవచ్చును. ఇంత ఉప్పును చక్కెరయు వానిని చంపవు. అమెరికా ప్రభుత్వపు ఆహార శాఖవారు చేపను సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో 7 దినములుంచవలెనని చెప్పుచున్నారు. ఇంటి మంచుపెట్టెలు పెక్కింటికి అంత చలి యుండదు. ముందే అట్లు గడ్డకట్టించిన చేపను అడిగి కొనుట మేలు. గర్భిణులకు ఈ వంటకము వలదు. ఊరిన చేపను గాలి తీసిన సంచులలో వారముల తరబడి దాచుటయు వలదు. చేపలకు సంబంధించిన బోట్యులిజపు క్రిమి రిఫ్రిజిరేటరు చలిలో గూడ మెల్లగా పెరుగగలదు. నాలుగైదు దినములలో ముగించుకొనవలెను.

ఇంతవఱకు చక్కెరను మానినను ప్రమాదము లేదని చెప్పుచు వచ్చితిని. మానరాని చోటు ఒకటి కలదు. అది పులియబెట్టి యెండించు సాసేజి, ఇటలీవారి సలామీ వంటిది. దానిని మన పెరుగుతో పోల్చిన చక్కగా బోధపడును. పాలలో తోడువేయుదుము, తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను తిని పులుపు పుట్టించును. సలామీలోను అట్లే తోడు వేయుదురు. దానికి ఆహారముగా కిలోకు 3 నుండి 5 గ్రాముల గ్లూకోజు కలుపుదురు. ఆ పులుపే చెడ్డ క్రిములను తొలిదినములలో అడ్డగించును. ఇక్కడ గ్లూకోజునకు బదులు ఎరిథ్రిటాలో స్టీవియాయో వేసినచో తోడునకు తిండి లేదు. మాంసము తియ్యగానే యుండును, పులుపు మాత్రము పుట్టదు. వెచ్చని గదిలో పులుపులేని పచ్చిమాంసమును రెండు దినములు వ్రేలాడగట్టుట యనగా నేమో వేఱుగ చెప్పనేల? చూపునకు, వాసనకు ఏమియు తేడా తెలియదు గనుకనే ఇది మఱింత అపాయకరము. మధుమేహికి ఇక్కడ భయమునకు కారణమును లేదు; వేసిన కొద్దిపాటి గ్లూకోజులో చాల భాగము పులుపుగా మాఱిపోవును. దానిని ఉన్నదున్నట్లు వేయుడు, లేదా ఆ వంటకమును ఇంట తలపెట్టకుడు.

నా మేనల్లునికి వ్రాసిన జాబులో సగము ఉప్పును గూర్చియే నిండినది. 100 గ్రాముల బేకనులో చక్కెర ఒక గ్రామైన, ఉప్పు రెండున్నర. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పెద్దలకు దినమునకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునన్నారు. మధుమేహమున్నవారికి రక్తపుపోటును, మూత్రపిండముల వ్యాధియు తోడుబోయినవై వచ్చుట తఱచు. ఉప్పునకు గూడ బదులు కలదని, పొటాషియం క్లోరైడును పట్టించుమని చెప్పువారున్నారు. మూత్రపిండములు చెడినవానికి అది గుండెపై దెబ్బకొట్టగలదు; వైద్యునడుగక ముట్టరాదు. ఊరవేయుటలో ఉప్పును కిలోకు 20 గ్రాములకంటె తగ్గింపవలదని అతనికి వ్రాసి, మాంసమును తినుట తగ్గింపుమని వ్రాసితిని. ఊరవేసిన మాంసమును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2015లో పెద్దప్రేవు క్యాన్సరునకు కారణమగు వస్తువులలో చేర్చినది. అది చక్కెర వేసినదైనను, వేయనిదైనను ఒక్కటే.

ఊరి సిద్ధమైన ముక్కను మొదట ఒక పలుచని పొరగా కోసి, వేయించి, రుచి చూడుడు. ఉప్పు హెచ్చుగా తోచినయెడల మిగిలినదానిని గంటసేపు చన్నీట నానవేసి, తుడిచి, మరునాటివఱకు మూతలేక రిఫ్రిజిరేటరులో ఆరబెట్టుడు. వారములో తినునది అక్కడనే యుంచి, మిగిలినదానిని రెండేసి ముక్కల పొట్లములుగా కట్టి, తేదీ వ్రాసి, మంచుపెట్టెలో దాచుడు. పొట్లము పెద్దదైన కొలది, కరిగించినది పాఱవేయలేక, తినవలసినదానికంటె ఎక్కువ తినుట జరుగుచున్నది.